కన్ను మూత పడని నాలుగు నెలలు, తర్వాత రెప్పలో బంగారం - నా అనుభవం

మాది గుంటూరు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా చేస్తాను, పదిహేడేళ్ళ నుంచీ అదే పని. 2023 జనవరిలో, సంక్రాంతి ఇంకా నాలుగు రోజులుందనగా, ఎడమ చెవిలో నొప్పి మొదలైంది. మామూలు చెవిపోటు కాదు, లోపల నిప్పు కణిక పెట్టినట్టు. రెండో రోజుకి చెవి డొప్పలో చిన్న చిన్న నీటి పొక్కులు కూడా వచ్చాయి, వేడి చేసిందేమో అనుకున్నా. మూడో రోజు పొద్దున పళ్ళు తోముకుని నోరు పుక్కిలిస్తుంటే నీళ్ళు ఎడమ పక్కనుంచి కారిపోయాయి, ఏంటా అని అద్దంలో చూసుకుంటే మూతి కుడి పక్కకి లాగేసి ఉంది. మా ఆవిడ వచ్చి "ఏవండీ, ఏంటండీ అలా అయింది" అని అక్కడే కూలబడిపోయింది.

ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళుంటే ఈ కథ ఇంకోలా ఉండేదేమో. పండగ ముందు, ఇంటి నిండా చుట్టాలు, తలా ఒక మాట. ఒకరు పావురం రక్తం రాయమన్నారు, ఇంకొకరు ఫలానా ఊళ్ళో పసరు పోస్తారు మూడు పోతలకి మూతి చక్కబడుతుంది అన్నారు, మా పెదనాన్న గారు బండి మాట్లాడి మరీ తీసుకెళ్ళారు, ఆయన ప్రేమని తప్పు పట్టను. కానీ ఆ పసరుతో ఐదు రోజులు పోయాయి. పండగ అయ్యాక డాక్టర్ దగ్గరికి వెళితే ఆయన నా మూతి కూడా చూడకుండా ముందు చెవి చూశారు. రామ్సే హంట్ అన్నారు. చిన్నప్పుడు మనకి ఆటలమ్మ పోస్తుంది కదా, ఆ వైరస్సే తగ్గాక పూర్తిగా పోకుండా నరంలో దాక్కుని ఉంటుందట, ఎన్నో ఏళ్ళ తర్వాత మళ్ళీ లేచి ముఖానికి వెళ్ళే నరాన్ని వాపెక్కిస్తుందట. దానికి వైరస్‌ని అణిచే ఎసైక్లోవిర్, వాపు తగ్గించే ప్రెడ్నిసలోన్ మాత్రలు మొదటి 72 గంటల్లో మొదలుపెడితే ఎక్కువ ఉపయోగం, నేను వెళ్ళింది ఎనిమిదో రోజు. అయినా రాసిచ్చారు. ఫలానా కారణమని తెలియకుండా మూతి వంకరపోయే మామూలు బెల్స్ పాల్సీ అయితే చాలామందికి కొన్ని వారాల్లో, నెలల్లో తిరిగొచ్చేస్తుంది, ఇది అంత నమ్మకంగా చెప్పలేం అన్నారు.

ఇక్కడ నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఒకటుంది. ఆ రెండు నెలలు అందరూ నా మూతినే చూశారు. నేనూ మూతినే చూసుకున్నా. ఫిజియోథెరపీకి వెళ్ళి బుగ్గలు పూరించా, బుడగలు ఊదా, చూయింగ్ గమ్ నమిలా. కొట్టుకొచ్చిన రైతులు "ఏంది అయ్యా మూతి అట్టా పోయింది" అని అడిగేవాళ్ళు. కన్ను గురించి అడిగినవాళ్ళు ఒక్కరు లేరు. చుక్కల మందు రాశారు గానీ అది గంటకోసారి వెయ్యాలని, రాత్రి ఆయింట్‌మెంట్ పెట్టి రెప్ప మూసి టేపు వెయ్యాలని, ఫ్యాన్ గాలి మొహానికి తగలనివ్వకూడదని ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, నేనూ అడగలేదు. మూతి వంకర పోతే మనిషికేం కాదు, కన్ను మూత పడకపోతే చూపు పోతుంది. ఈ ముక్క నాకు తెలిసేసరికి మార్చి వచ్చింది.

కన్ను ఎందుకు మూత పడదో నాకు తర్వాత కంటి డాక్టర్ మేడం బొమ్మ గీసి చెప్పారు. రెప్పని మూసే కండరం వేరు, పైకి ఎత్తే కండరం వేరు. మూసేదానికి మెదడు నుంచి ముఖానికి వచ్చే ఏడో నరం నుంచి కరెంటు వస్తుంది, ఎత్తేదానికి మూడో నరం నుంచి. నాకు దెబ్బ తిన్నది ఏడోది. అంటే తలుపు తెరిచే మనిషి డ్యూటీలో ఉన్నాడు, మూసే మనిషి లేడు. నిద్రలో కూడా ఎడమ కన్ను సగం తెరిచే ఉండేది. దీనికి వాళ్ళ భాషలో లాగాఫ్తాల్మోస్ అని పేరు, గ్రీకులో కుందేలు కన్ను అని అర్థమట, కుందేలు కళ్ళు తెరుచుకుని నిద్రపోతుందని పాతకాలంలో అనుకునేవాళ్ళట. మా చిన్నమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు, నా పక్కన పడుకునేది. ఒక రాత్రి లేచి నన్ను చూసి ఏడ్చేసింది, నాన్న కంట్లో తెల్లగుడ్డు ఒక్కటే ఉంది అని. మనం కన్ను మూయాలని చూస్తే గుడ్డు దానంతటదే పైకి తిరుగుతుంది, నల్లగుడ్డుని దాచుకోవడానికి శరీరం చేసుకున్న ఏర్పాటు అది, దాన్ని బెల్స్ ఫినామినా అంటారు, అది బాగుండబట్టే నాకు అన్ని రోజులు చూపు నిలిచిందని మేడం అన్నారు. పాపకి అదెలా చెప్పను. అప్పట్నుంచి అమ్మమ్మ దగ్గర పడుకోవడం మొదలుపెట్టింది. ఆ నెలల్లో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే.

ఇక యార్డు సంగతి. ఫిబ్రవరి, మార్చి అంటే సీజన్ పీకులో ఉంటుంది, లారీల మీద లారీలు, ఎక్కడ చూసినా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, హమాలీలు టిక్కీ విసిరిన ప్రతిసారీ సన్నటి కారం దుమ్ము లేస్తుంది. కొత్తవాళ్ళు గేటు దగ్గరే దగ్గు మొదలెడతారు. మాకు అలవాటే, కానీ ఆ అలవాటు అన్నది రెప్పదేనని నాకు తెలీదు. నిమిషానికి ఎన్నిసార్లు మనకి తెలీకుండా రెప్ప పడి ఆ దుమ్ముని తుడిచేస్తుందో, అది పడనప్పుడే తెలుస్తుంది. బండి మీద వెళ్ళేవాళ్ళు పెట్టుకునే చుట్టూ మూసే కళ్ళజోడు ఒకటి కొనుక్కుని కాటా దగ్గర నిలబడేవాణ్ణి. కంట్లోంచి నీళ్ళు ధార కట్టేవి, నీళ్ళు కారుతున్నాయంటే తడిగానే ఉందిగా ఎండిపోయేదేముంది అనుకునేవాణ్ణి, అది పూర్తిగా తప్పు. కింది రెప్ప వేలాడిపోయి నీళ్ళని పట్టి ఉంచలేక బయటికి పోతున్నాయి అంతే, పైన నల్లగుడ్డు మాత్రం ఎండిపోతూనే ఉంది.

మార్చి రెండో వారంలో ఒక రోజు పొద్దున్నే కన్ను ఎర్రగా నిప్పులా ఉంది, ఎండలోకి రాలేకపోయా. కుడి కన్ను చేత్తో మూసి బిల్లు పుస్తకం చూస్తే 3 ఏదో 8 ఏదో తెలియలేదు. లెక్కలు రాసేవాడికి అంతకన్నా భయం ఏముంటుంది. షావుకారు గారు నా మొహం చూసి "లెక్కలు నేను చూసుకుంటాలే, నువ్వు ముందు బయల్దేరు" అని విజయవాడ పంపారు, పెద్ద కంటి ఆసుపత్రికి.

అక్కడ ఒక కాగితం పుల్లతో కంట్లో పసుపుపచ్చ రంగు అంటించి, నీలం లైటు వేసి మెషీన్‌లో చూశారు. నల్లగుడ్డు కింద భాగంలో ఒక మచ్చ ఆకుపచ్చగా వెలిగింది, నాకు ఫోన్‌లో ఫొటో చూపించారు. పుండు పడింది, ఇంకా లోతుకి పోలేదు అన్నారు. దూది పోగుతో గుడ్డుని తాకి తెలుస్తోందా అని అడిగారు, తెలిసింది, అది మంచి సంగతే అన్నారు, ఎందుకంటే కొంతమందికి స్పర్శనిచ్చే ఐదో నరం కూడా పోతుందట, వాళ్ళకి పుండు పడినా నొప్పి తెలియక ఇంకా ప్రమాదం. మందులు వేసినా రెప్ప మూతపడకపోతే పుండు మానదు కాబట్టి రెండు రెప్పల్నీ బయటి మూల దగ్గర కలిపి తాత్కాలికంగా కుట్టేశారు, టార్సోరఫీ అంటారు దాన్ని. కన్ను సగానికి తగ్గిపోయి సందులోంచి చూస్తున్నట్టు ఉండేది. చూసినవాళ్ళు కన్ను పోయిందా అని అడిగేవాళ్ళు. కానీ మూడు వారాల్లో పుండు మానింది, ఒక పల్చటి మసక మచ్చ మిగిలింది, అది ఇప్పటికీ ఉంది. అంతటితో బయటపడ్డాను కాబట్టి ఆ కుట్ల మీద నాకు ఏ కంప్లెయింటూ లేదు.

కుట్లు తీసే ముందు మేడం, రెప్పలో బంగారం బరువు పెడదాం అన్నారు. నాకు అర్థం కాలేదు. ఆవిడ చెప్పింది ఇది. మూసే కండరం పనిచెయ్యట్లేదు, సరే, ఎత్తే కండరం పనిచేస్తోంది. మనం కన్ను మూయాలనుకోగానే ఎత్తే కండరం పట్టు వదులుతుంది. ఆ వదిలిన క్షణంలో పై రెప్పలో చిన్న బరువు ఉంటే భూమి లాక్కుంటుంది, రెప్ప కిందికి జారుతుంది. మళ్ళీ తెరవాలంటే ఎత్తే కండరానికి ఆ గ్రాము బరువు ఒక లెక్క కాదు. ఇందులో కరెంటు లేదు, మెషీన్ లేదు. బంగారమే ఎందుకంటే చిన్న ముక్కలోనే ఎక్కువ బరువు ఉంటుంది, తుప్పు పట్టదు, ఒంటికి సాధారణంగా పడుతుంది, రంగు కూడా చర్మం కింద కనపడదు. ప్లాటినం ఇంకా బరువైనది కాబట్టి ఇంకా పల్చగా చేస్తారు, బంగారం పడనివాళ్ళకి అది వాడతారట.

నేను వెంటనే ఒప్పుకోలేదు. నరం తిరిగొస్తుందేమో, ఏడాది చూద్దాం అన్నాను. మేడం నెమ్మదిగానే గానీ గట్టిగా చెప్పారు, "నరం కోసం ఏడాదైనా ఎదురుచూడొచ్చండి, నల్లగుడ్డు అన్నాళ్ళు ఆగదు, ఒకసారి పుండు పడింది, రెండోసారి ఎక్కడ పడుతుందో చెప్పలేం, నరం బాగా తిరిగొస్తే బరువు తీసేస్తాం, ఇదేం శాశ్వతం కాదు" అని. ఈ తీసెయ్యొచ్చు అన్న మాటతోనే నా మనసు తిరిగింది. ఎదురుచూడటం, కాపాడుకోవడం ఒకేసారి చెయ్యొచ్చని అంతవరకూ నాకు తట్టలేదు.

ఇంట్లో చెబితే మా అమ్మ లోపలికి వెళ్ళి చెవి కమ్మలు తీసి కొంగులో కట్టుకొచ్చింది, "అయ్యా, ఇవి కరిగించి పెట్టమను, సరిపోతాయేమో" అని. ఆవిడకి ఉన్న బంగారం అదే. ఆ కమ్మలు పట్టుకుని చాలాసేపు కూర్చున్నా. వస్తువులు చేయించే బంగారం 22 క్యారెట్లది, రాగి లాంటివి కలుస్తాయి, ఒంట్లో పెట్టేది దాదాపు పూర్తి స్వచ్ఛమైన 24 క్యారెట్లది అయ్యుండాలి, ముక్క అంచులు నున్నగా కంటి వంపుకి తగ్గట్టు చేసి కుట్టు వెయ్యడానికి సన్నటి రంధ్రాలు పెడతారు, మన కమ్మలు పనికిరావమ్మా అని చెప్పి మళ్ళీ నేనే ఆవిడ చెవులకి పెట్టా.

ఎంత బరువో చూడటానికి ఒక రోజు పిలిచారు. కూర్చోబెట్టి, రెప్ప పైన చర్మం మీద చిన్న చిన్న ముక్కలు ఒక్కోటి అంటిస్తారు, 0.8 గ్రాముల నుంచి మొదలుపెట్టారు. మూయమంటే కొంచెం సందు మిగిలింది. ఒక గ్రాము పెడితే సందు తగ్గింది. 1.2 పెట్టి మూయమన్నారు, మూశాను, ఒక్కసారిగా ఎడమ పక్క చీకటి పడింది. నాలుగు నెలలైంది ఆ చీకటి చూసి. 1.4 పెడితే తెరిచినప్పుడు రెప్ప బరువుగా వాలిపోయి నిద్రమొహంలా ఉందని 1.2 ఖాయం చేశారు. ముక్క అంటించుకుని పావుగంట బయట కూర్చోమన్నారు అలసట వస్తుందేమో చూడటానికి, నేను ఆ పావుగంటా కన్ను మూస్తూ తెరుస్తూనే ఉన్నా. రోజంతా కాటా దగ్గర క్వింటాళ్ళు రాసే చేతికి, ఒక గ్రాములో ఐదో వంతు తేడాకి ఒక కన్ను మూతపడుతుంది అంటే నమ్మబుద్ధి కాలేదు.

ఆ వరండాలోనే ఒక ముసలాయన పరిచయమయ్యారు, కుష్ఠు వచ్చి తగ్గినాయన, వేళ్ళు కొన్ని లేవు. ఆ జబ్బు కూడా ఇదే నరాన్ని తింటుందట, ఒక్కోసారి రెండు కళ్ళూ మూతపడవట. ఆయనకి ఎన్నో ఏళ్ళ కిందటే వేరే రకం ఆపరేషన్ చేశారు, కణత దగ్గర నమలడానికి వాడే కండరంలోంచి ఒక పట్టీ తీసి రెప్పల్లోకి లాగి కట్టారు. నమిలే కండరానికి కరెంటు ఐదో నరం నుంచి కాబట్టి అది పనిచేస్తుంది. "పళ్ళు బిగిస్తే కన్ను మూసుకుంటది బాబూ" అని నాకు చేసి చూపించారు. మధ్య మధ్యలో పళ్ళు బిగించడం గుర్తుపెట్టుకోవాలట, అది అలవాటు చేసుకోవడానికి ఆయనకి నెలలు పట్టిందట. ఆయన ముందు నా కష్టం నాకు చిన్నగా అనిపించింది.

మే నెలలో యార్డుకి ఎండాకాలం సెలవులిస్తారు, ఆ సెలవుల్లో చేయించుకున్నా. మత్తు మొత్తం ఇవ్వరు, రెప్పకి మాత్రమే ఇంజెక్షన్. నిజం చెప్పాలంటే ఆపరేషన్ మొత్తంలో నొప్పి అంటే ఆ ఇంజెక్షనే, పది పదిహేను సెకన్లు మంటగా ఉంటుంది, తర్వాత రెప్ప మొద్దుబారిపోతుంది. రెప్ప మీద సహజంగా పడే మడత ఉంటుంది కదా, సరిగ్గా ఆ గీత మీదే కోస్తారు, అందుకే ఇప్పుడు వెతికినా మచ్చ దొరకదు. చర్మం, ఆ కింద కండరం దాటి లోపల రెప్పకి బిగువునిచ్చే గట్టి పలక ఒకటి ఉంటుంది, టార్సస్ అంటారు, దాని మీద ముక్కని కూర్చోబెట్టి రంధ్రాల్లోంచి దానికే కుట్టేస్తారు, జారిపోకుండా. తర్వాత కండరాన్ని ముక్క మీద కప్పి, పైన చర్మం కుడతారు. మొహం మీద ఆకుపచ్చ గుడ్డ, రక్తనాళాలు కాల్చేటప్పుడు వచ్చే వాసన, మేడం నర్సుతో మాట్లాడే మాటలు అన్నీ తెలుస్తూనే ఉంటాయి. మధ్యలో టేబుల్ తల వైపు ఎత్తి కళ్ళు తెరవండి, మూయండి అన్నారు. నాకైతే అదే టైములో కింది రెప్పని కూడా బయటి మూల దగ్గర బిగించి ఎముక వైపు లాగి కుట్టారు, వేలాడటం తగ్గడానికి, దాంతో మొత్తం గంట పైన పట్టింది. బరువు ఒక్కటే అయితే ఇంకా త్వరగా అయిపోతుంది, చాలామంది సాయంత్రానికి ఇంటికెళ్ళిపోతారు.

మొదటి మూడు రోజులు వాపు, కన్ను చుట్టూ నల్లగా కమిలిపోయింది, ఐస్ పెట్టుకున్నా, తలకింద రెండు దిండ్లు వేసుకున్నా. ఎనిమిదో రోజు కుట్లు తీశారు. మొదటి వారంలో రెప్ప కొంచెం వాలినట్టు ఉంటే భయపడి ఫోన్ చేశా, వాపు బరువు కూడా కలిసింది, తగ్గుతుంది అన్నారు, తగ్గింది.

ఆ రాత్రి సంగతి చెప్పాలి. మార్చి నుంచీ ప్రతి రాత్రీ మా ఆవిడే నా కంట్లో ఆయింట్‌మెంట్ పెట్టి, రెప్ప మీద జిడ్డు తుడిచి, వేలితో రెప్ప కిందికి దించి అడ్డంగా మైక్రోపోర్ టేపు వేసేది. టేపు సరిగా వెయ్యకపోతే లోపల కన్ను తెరుచుకుని టేపే గుడ్డుకి రాసుకుంటుంది, అది ఇంకా చేటు, అందుకని రాత్రి రెండింటికి ఒకసారి లేచి టార్చి వేసి చూసేది. కట్టు తీసిన రాత్రి కూడా అలాగే లేచింది. చూస్తే రెండు కళ్ళూ మూసి ఉన్నాయట. నన్ను లేపలేదు, పొద్దున చెప్పింది, చాలాసేపు అలా చూస్తూ కూర్చున్నానండీ అని. రెండు రోజుల తర్వాత పాప కూడా తన దిండు తెచ్చుకుని నా పక్కన పడుకుంది.

కానీ అంతా మునుపటిలా అయిపోయిందని అనను. బరువు పనిచేసేది భూమి లాగడం వల్ల కాబట్టి కూర్చున్నా నిలబడినా బాగా మూస్తుంది, వెల్లకిలా పడుకుంటే ఒక్కోసారి సన్నటి సందు మిగులుతుంది, అందుకే ఇప్పటికీ ఎత్తు దిండు, రాత్రి ఆయింట్‌మెంట్ తప్పవు. రెప్ప పడటం కుడి కన్నంత చురుగ్గా ఉండదు, అర క్షణం వెనక పడుతుంది, కాబట్టి పగలు చుక్కలు కూడా వేస్తాను, రోజుకి నాలుగైదుసార్లు. కన్ను మూసినప్పుడు రెప్ప మీద కందిబద్దంత ఉబ్బు కనపడుతుంది తెలిసినవాళ్ళకి. కొంతమందికి ఏళ్ళ తర్వాత ముక్క పక్కకి జరగడమో, పైన చర్మం పల్చబడి బయటికి రావడమో జరుగుతుందని ముందే చెప్పారు, ఏడాదికోసారి చూపించుకుంటున్నా. ఎమ్మారై తియ్యొచ్చా అని చాలామంది అడుగుతారు, బంగారానికి అయస్కాంతం అంటదు కాబట్టి ఇబ్బంది ఉండదు, నాకు తర్వాత తలకి తీశారు కూడా, కాకపోతే స్కానింగ్ వాళ్ళకి ముందే చెప్పాలి, ఆసుపత్రి ఇచ్చిన కాగితం నా పర్సులో ఎప్పుడూ ఉంటుంది. నరం తిరిగొచ్చింది కొంత, మూతి ముప్పావు వంతు చక్కబడింది, అయితే కొన్ని తీగలు తప్పుగా కలుసుకున్నట్టున్నాయి, అన్నం నములుతుంటే ఎడమ కన్ను చిన్నదవుతుంది. దానికి కండరాన్ని వదులు చేసే బోటాక్స్ ఇంజెక్షన్ సన్నగా ఇస్తారట, నేను ఇంకా ఆలోచించలేదు. బరువు మాత్రం తియ్యాల్సిన అవసరం ఇప్పటికి రాలేదు.

ఖర్చు ఎంత అని అడిగేవాళ్ళకి, బంగారం ఒక గ్రాము చిల్లరే కదా అని లెక్క వేసుకోకండి, ఆ ముక్కని ఎక్కడ తయారు చేయించారు అన్నదాన్ని బట్టీ ఆసుపత్రిని బట్టీ మారుతుంది, ముందే కనుక్కోండి. కంటి డాక్టర్లలో కూడా రెప్పల పని చేసేవాళ్ళు వేరే ఉంటారు, ఆక్యులోప్లాస్టీ అని అడగాలి.

మొన్న సీజన్లో మా కొట్టు ముందు పనిచేసే హమాలీ కుర్రాడు ఒకడు పొద్దున్నే వచ్చాడు, మూతి ఒక పక్కకి పోయి ఉంది. చుట్టూ అందరూ చేరి మూతి చూసి పసరు పేరు ఎత్తుతున్నారు. నేను బిల్లు పుస్తకం పక్కన పెట్టి "ఒరే, కళ్ళు మూయరా" అన్నా. కుడి కన్ను మూతపడలేదు, తెల్లగుడ్డు కనిపిస్తోంది. నా డ్రాయర్లో ఉన్న కొత్త చుక్కల సీసా తెరిచి రెండు చుక్కలు వేసి, నా కళ్ళజోడు వాడికి పెట్టి, అప్పటికప్పుడు ఆటోలో ఎక్కించుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళా. మొదటి రోజే మాత్రలు పడ్డాయి. రాత్రిపూట టేపు ఎలా వెయ్యాలో వాళ్ళమ్మకి మా ఆవిడ వెళ్ళి నేర్పించింది. రెండు నెలలకి వాడికి రెప్ప దానంతటదే పడటం మొదలైంది, ఇప్పుడు మళ్ళీ టిక్కీలు మోస్తున్నాడు.